ఆ చప్పుడు నాదే

అఖ్సా చేత వాళ్ళమ్మకు ఫోన్ చేయించడానికి లోకేశ్వరి రేణిగుంట స్టేషన్‌ను ఎంచుకుంది. జంక్షన్ కాబట్టి మైకులో గూడూరు, కడప, అరక్కోణం పేర్లు వరసగా వినిపిస్తుంటాయి. అవతల విన్నవాళ్ళు పిల్ల ఎటు పోయిందో చెప్పలేరు. ఈ పద్ధతి సంఘంలో పెట్టింది లోకేశ్వరే. ఇల్లు విడిచి వచ్చిన పిల్ల ఎవరైనా సరే, ముందు తల్లికి గొంతు వినిపించాలి. బతికున్నానని తన నోటితో చెప్పాలి. ఆ తర్వాతే మిగతా సంగతులు.

సంఘం పేరు చేదోడు. తిరుపతిలో కుట్టుమిషన్లు బాగుచేసే అంగడి పైన రెండు గదులు. వకీలు పంకజాక్షి దాన్ని నడుపుతుంది. ఇంట్లోంచి గెంటేసిన హిజ్రాలు, మొగుడి దెబ్బలు ఓర్చలేక వచ్చిన ఆడవాళ్ళు, ఆడపిల్లను ప్రేమించిన ఆడపిల్లలు ఆ మెట్లెక్కుతారు. లోకేశ్వరి కూడా ఒకప్పుడు అట్లా ఎక్కిందే. అంతకు ముందు ఇదే స్టేషన్‌లో బండ్లెక్కి, చప్పట్లు కొట్టి, చెయ్యి చాపి బతికింది. ఇప్పుడు సంఘంలో పని చేస్తోంది. చీర కొంగుకు పిన్ను పెట్టుకుంటుంది.

అఖ్సా బెంచీ చివర కూర్చుంది. చిత్తూరులో పరుపులు కుట్టే ఇంటి పిల్ల. పక్కన భానుప్రియ ఇద్దరి బట్టలున్న సంచిని ఒళ్ళో పెట్టుకుంది. ఆమె ఇక్కడి ఫ్యాక్టరీలో పని చేస్తూ హాస్టల్లో ఉండేది. అఖ్సాకు నిఖా ఖాయం చేశారని తెలిసిన రోజు ఇద్దరూ సంఘం మెట్లెక్కారు.

"అమ్మా, నేనే," అంది అఖ్సా.

అవతల నుంచి వచ్చిన గొంతు పక్కనున్న లోకేశ్వరికి కూడా వినిపించింది.

"యాడుండావు పాపా? తిన్న్యావా?"

"తిన్న్యాను. బాగుండాను. యాడుండేదీ చెప్పకూడదమ్మా. నన్ను ఎవురూ ఎత్తుకొని పోలేదు. నేనే వచ్చినాను."

కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న మనిషి ఒకడు బెంచీ వెనకనుంచి పోతూ మోచేత్తో అఖ్సా వీపు రాసుకుని పోయాడు. ఆమె ముందుకు జరిగింది. వాడు సీసా మూత పడిపోయినట్టు వంగి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఈసారి మోచెయ్యి కాదు, చెయ్యి. అఖ్సా మొహం బిగుసుకుంది. తల్లి లైన్లో ఉంది. అరవలేదు, లేవలేదు.

లోకేశ్వరి ఆలోచించలేదు. చేతులు వాటంతటవే లేచాయి. వేళ్ళు విప్పి, అరచేతిని అరచేతికి అడ్డంగా రెండుసార్లు కొట్టింది. ప్లాట్‌ఫారం మీద తలలు తిరిగాయి. వాడు సీసా అక్కడే వదిలేసి జనంలో కలిసిపోయాడు.

"ఏం లేదమ్మా, పెట్టేస్తాండాను," అని అఖ్సా ఫోన్ ఆపేసింది.

"ఒక్క దెబ్బకు మాయమైపాయెనే," అంది భానుప్రియ. "అక్కా, మాకూ నేర్పియ్యి."

"మీకొద్దులే తల్లీ. ఒకసారి అలవాటైతే చేతులు మన మాట వినవు," అంది లోకేశ్వరి. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరినీ పలమనేరు బస్సెక్కించింది. అక్కడ పాల కేంద్రం నడిపే సంఘం సభ్యురాలి ఇంట్లో ఉంటారు. బస్సు కదిలేదాకా నిలబడి, చప్పట్ల సంగతి మరిచిపోయింది.

*

మరుసటి రోజు ఆదివారం. ప్రతి ఆదివారం లోకేశ్వరి రేణిగుంటలో గోడౌన్ల వెనకున్న జ్ఞానాంబ ఇంటికి పోతుంది. జ్ఞానాంబ ఆమె గురువు. ఇల్లు వదిలి వచ్చిన వయసులో చేరదీసి, చీర కట్టడం, చప్పట్లు కొట్టడం, టీసీ వస్తే ఏ డబ్బాలోకి మారాలో అన్నీ నేర్పింది. ఆ ఇంట్లో అందరూ ఆమెను అమ్మా అనే పిలుస్తారు.

ఆదివారం వచ్చేది తల దువ్వడానికి. పక్షవాతం వచ్చి పోయినప్పటి నుంచి జ్ఞానాంబ కుడి చేతి వేళ్ళు ముడుచుకుని ఉండిపోయాయి. అన్నం ఎడమ చేత్తో స్పూనుతో తింటుంది. బండ్లెక్కడం మానేసింది. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఇల్లు నడుపుతుంది. చేలాల, అంటే తన దగ్గరున్న శిష్యుల, తగాదాలు ఆ కుర్చీ దగ్గరే తీరతాయి.

లోకేశ్వరి గిన్నెలో కొబ్బరినూనె వెచ్చబెట్టి తెచ్చింది. జ్ఞానాంబ కుర్చీ దిగి పీట మీద కూర్చుంది. ముడి విప్పితే జుట్టు నడుం దాకా పడింది. ముక్కాలు వంతు నెరిసింది.

"ఆఫీసు ఉద్యోగం వచ్చినాక నీ సేతుల్లో బలం పాయె," అంది జ్ఞానాంబ. "నూనె ఇంగించాల. పూసి పోయేది గాదు."

"నిన్న నీళ్ళకుండ మోసినాను, సేతులు నొస్తాండాయి."

"అబద్ధాలు ఆడేటప్పుడన్నా గట్టిగా రుద్దే."

సంపూర్ణ అక్కడే కూర్చుని కనుబొమలు దిద్దుకుంటోంది. ఇంట్లో ఉన్న చేలాల్లో అందరికన్నా చిన్నది ఆమే. "అమ్మకు జడేస్తే గొలుసు దొంగలు కూడా జడనే కోసుకొని పోతారు," అంది. జ్ఞానాంబ ఎడమ చేత్తో ఆమె కాలి మీద ఒకటి వేసింది.

లోకేశ్వరి మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది. సగంలో, "ఇద్దరు పిలకాయలు వచ్చినారమ్మా సంఘానికి," అంది.

"యాడ పెట్టినావో నాకు సెప్పొద్దు. ముసిలి నోరు జారతాది."

"నీ నోరా?"

"నాదే. నీదైతే ఎప్పుడో జారి ఉండు."

జడ చివర రబ్బరు బ్యాండు చుట్టి, లోకేశ్వరి అరచేతుల్లో మిగిలిన నూనెను జ్ఞానాంబ ముడుచుకున్న వేళ్ళకు రాసింది. ఒక్కొక్క వేలూ విప్పి రాసి వదిలేసింది. వదిలిన వేలు వదిలినట్టే ముడుచుకుంది.

*

సోమవారం సంపూర్ణ ఫోన్ చేసింది. మాట రాలేదు. "అమ్మ, అమ్మ," అని మాత్రం అంటోంది. లోకేశ్వరి ఆటో మాట్లాడుకుని పోయింది. దారంతా పక్షవాతం మళ్ళీ వచ్చిందనుకుంది. ఏ ఆస్పత్రికి తీసుకుపోవాలా అని ఆలోచించింది.

ఇంటి ముందు కుర్చీ ఖాళీగా ఉంది. జ్ఞానాంబ గడప అవతల, వాకిట్లో నేల మీద కూర్చుంది. తల మీద కొంగు కప్పుకుని ఉంది.

"అమ్మా, ఏమైంది?"

సంపూర్ణ వచ్చి కొంగు తొలగించింది.

జడ లేదు. మెడ దగ్గర కోసేశారు. ఎడమ పక్కన చెవి పైదాకా కోసేశారు. కత్తెర ఆగిన చోట జుట్టు మెట్టుమెట్టుగా ఉంది. చెవి కొస మీద రక్తం ఎండింది.

లోకేశ్వరి నేల వైపు చూసింది. ఎందుకు చూసిందో ఆమెకే తెలీదు. పొయ్యి దగ్గర, పరుపు కింద, తలుపు వెనక వెతికింది. కొన్ని వెంట్రుకలు దొరికాయి. రబ్బరు బ్యాండు దొరకలేదు.

"ఎత్తుకొని పోయినారు," అంది సంపూర్ణ. "మేమంతా బండ్ల మీద ఉండాము. నేను వచ్చేతలికి కారెక్కుతాండారు. ఒకడు జడ సేతికి సుట్టుకోని ఉండాడు."

వచ్చింది రెండు ఇళ్ళ మగవాళ్ళు. అఖ్సా అన్న నియాజ్, భానుప్రియ అన్న జయరామ్, వాళ్ళతో ఇంకో ఇద్దరు. ఒకరి ఇంట్లో ఒకరు మంచినీళ్ళు తాగి ఎరగని ఇళ్ళు అవి. ఒకే కారులో వచ్చారు.

"మన ఇల్లు వాళ్ళకెట్ల తెలిసింది?"

"ఆ పిల్ల వాళ్ళమ్మ ఫోనులో మాటలు రికార్డు అవుతాయంట. అండ్లో మనోళ్ళ సప్పట్లు ఇనపడినాయంట. బండి కూతలు, మైకులో గూడూరు, కడప పేర్లు ఇనపడినాయంట. రేణిగుంట స్టేషన్లో ఆటోవాళ్ళనడిగితే ఈ ఇల్లు సూపించినారు. అమ్మ సెప్పింది ఇంతే." సంపూర్ణ ముక్కు చీదింది. "ఎవుతో బుద్ధి లేనిది, పక్కన ఫోను మాట్లాడతాంటే ఆడ నిలబడి కొట్టింది."

లోకేశ్వరి గోడకు ఆనుకుంది. స్టేషన్, మైకు, జనం, అన్నీ లెక్క చూసుకునే ఫోన్ చేయించింది. తన చేతులను లెక్కలోకి తీసుకోలేదు.

"నేనే," అంది.

సంపూర్ణ ఆమె వైపు చూసింది.

"ఆ సప్పట్లు నావి. ఒకడు ఆ పాపను తాకినాడు. సేతులు లేసినాయి."

ఆమె జ్ఞానాంబ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక తిట్టు రావాలని, ఒక దెబ్బ పడాలని చూసింది. జ్ఞానాంబ ఎడమ చెయ్యి చాపింది.

"నీళ్ళియ్యి," అంది.

లోకేశ్వరి ఇంట్లోకి పోయి ఆమె రోజూ తాగే ఇత్తడి చెంబుతో తెచ్చింది. జ్ఞానాంబ తల అడ్డంగా ఆడించింది. వాకిట్లో పనిమనిషి కోసం పెట్టిన ప్లాస్టిక్ గ్లాసు చూపించింది. అందులోనే తాగింది.

అప్పుడు లోకేశ్వరికి అర్థమైంది. హిజ్రాల కట్టుబాటు నడిపే జమాతులో జుట్టు కత్తిరించడం పెద్ద శిక్ష. గురువుకు ద్రోహం చేసిన చేలాకు వేస్తారు. జుట్టు పోయినవాళ్ళు గడప దాటి లోపలికి రాకూడదు. ఇంటి గిన్నె ముట్టకూడదు. పెద్దలు కూర్చుని మళ్ళీ కలుపుకునేదాకా బయటిదే. ఆ రూలు మగవాళ్ళు వచ్చి కోసిపోయినదానికి కాదు. జ్ఞానాంబకు ఆ సంగతి తెలుసు. అయినా కుర్చీలో కూర్చోలేదు.

"లోపలికి రామ్మా," అంది సంపూర్ణ.

"పెద్దోళ్ళు రానీ. అంతదాకా ఈడే."

*

మంగళవారం పంకజాక్షి, లోకేశ్వరి కలిసి పోలీస్ స్టేషన్‌కు పోయారు. ఎస్సై ఫైలు తెరవకుండానే మాట్లాడాడు. అప్పటికే ఒక ఫిర్యాదు వచ్చి ఉంది. హిజ్రాలు మత్తుమందు పెట్టి ఆడపిల్లను ఎత్తుకుపోయారని అఖ్సా తల్లి ఉమ్మే హబీబా పేరుతో రాసిచ్చారు. కింద ఆమె సంతకం ఉంది.

"ఆ అమ్మాయికి మైనారిటీ తీరి ఎన్నేళ్ళయిందో అందులోనే రాసి ఉంది సార్," అంది పంకజాక్షి.

"అయితే తెచ్చి చూపించండి మేడం. ఎల్లుండి పొద్దున లోపల. లేకపోతే ఆ ముసలామె పేరు మీద కేసు కట్టక తప్పదు. ఇల్లు ఆమెదే కదా."

"ఆమె జుట్టు కోసినదానికి మేమిచ్చే ఫిర్యాదు?"

ఎస్సై పక్కనున్న కానిస్టేబుల్ వైపు చూసి నవ్వాడు. "వెంట్రుకలే కదా మేడం. తిరుపతికి రోజూ వేలమంది వచ్చి ఇచ్చిపోయేదే."

పంకజాక్షి ఫిర్యాదు కాగితం టేబుల్ మీదే పెట్టి వచ్చేసింది. ఎస్సై దాని మీద పేపర్‌వెయిట్ అయినా పెట్టలేదు. ఫ్యాను గాలికి అది కింద పడిన చప్పుడు తలుపు దాటుతుంటే వినిపించింది.

బయట చెట్టు కింద స్కూటర్ దగ్గర పంకజాక్షి చాలాసేపు తాళం చెవి పెట్టకుండా నిలబడింది. మేజిస్ట్రేటు ముందు పిల్లలిద్దరూ తమ ఇష్టంతోనే వచ్చామని చెబితే కేసు నిలవదు. కానీ కోర్టు గేటు దాకా తీసుకుపోవాలి. కిందటేడు ఇట్లాగే తీసుకుపోయిన ఒక పిల్లను గేటు దగ్గరే కారులోకి లాక్కున్నారు. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో సంఘానికి తెలీదు.

"తెస్తే వాళ్ళను లాక్కుపోతారు. తేకపోతే అమ్మను లోపలేస్తారు," అంది లోకేశ్వరి.

"నాకింకో రోజు ఇవ్వు," అంది పంకజాక్షి. ఆమె గొంతు అంత నీరసంగా లోకేశ్వరి ఎప్పుడూ వినలేదు.

సాయంత్రం భానుప్రియ పలమనేరు నుంచి ఫోన్ చేసింది. సంగతి ఎవరో చెప్పేశారు.

"మేమొచ్చేస్తాము అక్కా. మా వల్ల ఆయమ్మకు ఏంటికి?"

వద్దు అనే మాట లోకేశ్వరి నోట్లోంచి వెంటనే రాలేదు. రావలసిన మాట అదే. కానీ ప్లాస్టిక్ గ్లాసు కళ్ళ ముందుంది. అవతల అఖ్సా ఏడుపు వినిపించింది. అది విన్న తర్వాత, "వద్దు, ఆడే ఉండండి," అంది. ఆలస్యమైందని ఆమెకు తెలుసు. భానుప్రియకూ తెలిసి ఉంటుంది.

రేణిగుంటకు పోయేసరికి వాకిట్లో పంచాయితీ జరుగుతోంది. బండ్ల మీద నుంచి వచ్చిన చేలాలంతా జ్ఞానాంబ చుట్టూ చేరారు.

"గుండు సేయించేద్దాము," అంటోంది సంపూర్ణ. "ఇది తిరపతి. గుండు కొట్టిచ్చుకున్నోళ్ళు ఎంతమంది తిరగడం లేదు? మొక్కు తీర్సుకున్న్యాము అందాము. ఎవురూ ఏమీ అడగరు. గంధం పూస్తాము. ఇట్ల మెట్టుమెట్టుగా ఉంటే సూడలేకుండా ఉండాము అమ్మా."

మిగతావాళ్ళు తలలూపారు. లోకేశ్వరికి కూడా ఆ మాట బాగుందనిపించింది.

జ్ఞానాంబ సంపూర్ణ వైపు తల ఎత్తింది.

"నేనియ్యలా," అంది. "వాళ్ళు కోసుకొని పోయినారు. ఇచ్చినానని సెప్పను."

సంపూర్ణ లోకేశ్వరి వైపు తిరిగింది. "అయితే ఆ పిల్లల్ని అప్పజెప్పు. వాళ్ళెవురు మనకు? రేపు పెండ్లి సేసుకోని, బండ్లో మనం కనబడితే మొగం తిప్పుకుంటారు. వాళ్ళ కోసం మా అమ్మ ఏంటికి బయట కూర్సోవాల? సప్పట్లు కొట్టింది నువ్వు. జుట్టు పోయింది ఆయమ్మది."

జ్ఞానాంబ ఆమె వైపు చూసి, చూపు తిప్పుకుంది. ఆ చూపులో కోపం ఉందనుకుంది లోకేశ్వరి.

*

ఎస్సై చెప్పిన రోజు పొద్దున్నే సంపూర్ణ ఒక ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది. బుర్ఖా వేసుకుని, మొహం మీద ముసుగు పైకి తీసి ఉంది. పొట్టి మనిషి. చేతిలో గుడ్డసంచి. సంపూర్ణ ఆమెకు రెండడుగులు దూరంగా నడుస్తోంది.

"బండ్లో పట్టుకునింది నన్ను. జడ పోయిన అమ్మ యాడుంటాదని అడిగింది. ఎవురో తెలుసునా? ఆ పాప వాళ్ళమ్మ." సంపూర్ణ ద్వారబంధానికి చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. "ఇంగేం కోసేదానికి వచ్చినావమ్మా?"

ఉమ్మే హబీబా నేల మీద కూర్చున్న జ్ఞానాంబ తల చూసింది. చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత ఆమె ఎదురుగా తనూ నేల మీద కూర్చుంది.

సంచిలోంచి ఒక పొట్లం తీసింది. నీలం చారల గుడ్డ, పరుపుల మీదికి కుట్టే గుడ్డ. విప్పితే లోపల జడ ఉంది. రబ్బరు బ్యాండు అట్లాగే ఉంది. వెంట్రుకల్లో దూది ఇరుక్కుని ఉంది.

"అంగట్లో పాత దూది మూటలో ఉన్న్యింది," అంది. "నేను పరుపు కత్తరిస్తాంటే కత్తెర పడలేదు. రెండు రెక్కలు కలిసే మర దగ్గర ఏందో సుట్టుకోని ఉన్న్యింది. లాగితే నెరిసిన వెంట్రుకలు. మా ఇంట్లో ఇంత నెరిసిన తల ఎవురికీ లేదు. అప్పుడు ఎతికినాను. మా వాడు దీన్ని దూదిలో కలిపి పరుపులో కుట్టేద్దామని దాపెట్టినాడు."

పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఎవరూ లేవలేదు.

"నాకేమీ సెప్పలేదమ్మా. పాప కనపడలేదని కాగితం పెట్టి సంతకం సెయ్యమన్న్యారు. సేసినాను. ఫోనులో గొంతు నేనే విన్న్యాను, నేనే వచ్చినానని పాప సెప్పింది, అయినా సేసినాను. మా ఆయన నాయబ్ రసూల్ మంచం మీద కూర్సోని సూస్తానే ఉన్న్యాడు." ఆమె జడను జ్ఞానాంబ ఒళ్ళో పెట్టింది. "వెంట్రుకలు సూసి, ఇది ఎవురిదిరా అని అడిగితే మా వాడు గొప్పగా సెప్పినాడు. ఇంటికి పోయి రికార్డు పెట్టినారంట. ఈ సప్పట్లు ఎవురివో సెప్పకపోతే వచ్చేవాళ్ళను వచ్చినట్టు అందరికీ కోస్తామన్న్యారంట. అప్పుడు నువ్వు, ఆ సప్పుడు నాదే అన్న్యావంట. అందుకే దానికి మాత్రం కోసి వచ్చినాము అన్న్యాడు."

సంపూర్ణ చెయ్యి ద్వారబంధం మీద నుంచి జారింది.

లోకేశ్వరి జ్ఞానాంబ కుడి చేతి వైపు చూసింది. జడ పక్కన ఒళ్ళో ఉంది ఆ చెయ్యి. వేళ్ళు ముడుచుకుని, బొటనవేలు లోపలికి ఉంది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆ చెయ్యి చప్పట్లు కొట్టలేదు. చెంబు పట్టుకోలేదు. ఆ ఇంటి వాకిలి తొక్కిన ప్రతి హిజ్రాకూ ఆ సంగతి తెలుసు. వచ్చినవాళ్ళకు తెలీదు. వాళ్ళు ఆ చెయ్యి చూసి కూడా ఉండరు.

"అమ్మా," అంది లోకేశ్వరి. "నాదని నీకు తెలుసునా?"

"నేర్పింది ఎవురు?" అంది జ్ఞానాంబ. "రెండో దెబ్బ ఎప్పుడూ నీకు తొందర. ఎంత సెప్పినా ఇనవు."

లోకేశ్వరికి సోమవారం గుర్తొచ్చింది. నేను కొట్టాను అని మొన్న మోకాళ్ళ మీద కూర్చుని చెప్పినప్పుడు ఈ మనిషి నీళ్ళడిగింది. అంతే అడిగింది.

ఉమ్మే హబీబా జ్ఞానాంబ చెయ్యి చూసింది. లోకేశ్వరి మొహం చూసింది. సంచిలోంచి జానెడు సూది, మైనం రాసిన దారం తీసింది. "కోసిన కొన కట్టకపోతే ఇడిపోతాది," అని జడను మళ్ళీ తన ఒళ్ళోకి తీసుకుంది. పైకొన చుట్టూ దారం తిప్పి బిగించి, వెంట్రుకల మధ్యనుంచి సూది దూర్చి, మళ్ళీ చుట్టింది. ఆమె చూపుడువేలి కొన సూది పోట్లకు గట్టిపడి గవ్వలా ఉంది. ముడి వేసి దారం పళ్ళతో కొరికింది.

"కత్తెర లేదా?" అంది సంపూర్ణ. అడిగిన తర్వాత నాలుక కరుచుకుంది.

"ఉండాది," అంది ఉమ్మే హబీబా. "దాంతో పని వేరే ఉండాది. పోలీస్ స్టేషన్ యాడ?"

*

పంకజాక్షి స్టేషన్ ముందే కలిసింది. రాత్రంతా కూర్చుని రాసిన కాగితాలు చంకలో ఉన్నాయి. అవి తీయవలసిన పని రాలేదు.

ఎస్సై ముందు ఉమ్మే హబీబా నిలబడే మాట్లాడింది. "ఆ కాగితంలో సంతకం నాది సార్. అందులో మాటలు నావి గావు. నా కూతురు తన ఇష్టంతో పోయింది. నాకు ఫోన్ సేసి సెప్పింది. ఆ మాట నా ఫోన్లోనే ఉండాది, పెట్టి ఇనండి."

"ఇప్పుడు ఇట్లా అంటే ఎట్లామ్మా? మీ వాళ్ళు బయట కూర్చోనుండారు. వాళ్ళతో మాట్లాడుకోనిరా పో."

నియాజ్ వరండాలో బెంచీ మీద ఉన్నాడు. తల్లిని చూసి లేచాడు. జయరామ్ అతని పక్కన ఉన్నాడు. వాళ్ళు లోపలికి వచ్చే లోపల ఉమ్మే హబీబా సంచిలో చెయ్యి పెట్టి కత్తెర తీసింది. మూరెడు కత్తెర, పరుపులది. టేబుల్ మీద పెట్టింది. కానిస్టేబుల్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇది మా అంగడిది. నేను కాపరానికి వచ్చిన దినం నుంచి నా సేతిలో ఉండేది. మర దగ్గర సూడండి సార్. వెంట్రుకలు అన్నీ నేను తియ్యలేదు. కొంచెం అట్లనే పెట్టినాను."

ఎస్సై చూశాడు. ఆమె పక్కన నిలబడిన జ్ఞానాంబ కొంగు తీసేసింది. అతను ఆ తల కూడా చూశాడు. ఈసారి నవ్వలేదు.

"ఎవరు కోసినారు?"

"అమ్మా, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు గుమ్మంలోంచి నియాజ్.

ఉమ్మే హబీబా వెనక్కి తిరగలేదు. లోకేశ్వరి గోడ పక్కన నిలబడి ఆమె మెడ వెనక భాగం చూస్తోంది. అక్కడ బుర్ఖా గుడ్డ చెమటకు తడిసి అంటుకుంది. ఈమె ఇప్పుడు తిరిగి కొడుకు వైపు చూస్తే అంతా అయిపోతుందనుకుంది లోకేశ్వరి.

"నియాజ్," అంది ఉమ్మే హబీబా. "నా కొడుకు. తండ్రి పేరు నాయబ్ రసూల్. జడ పట్టుకునింది వాడు. కత్తెర తోసింది జయరామ్ అంట, వాడే సెప్పినాడు. రాసుకోండి సార్. ఈసారి నేను సదివి సంతకం సేస్తాను."

ఎస్సై టేబుల్ మీద ఎప్పటి నుంచో ఉన్న టీని పక్కకు జరిపాడు. కాగితం తీసుకున్నాడు.

అది రాసేసరికి మధ్యాహ్నమైంది. నియాజ్‌ను, జయరామ్‌ను లోపలే కూర్చోబెట్టారు. తర్వాత బెయిలు వస్తుందని, ఇంటికి వస్తారని, ఇల్లంతా ఆమె మీద పడుతుందని పంకజాక్షి మెల్లగా చెప్పింది. సంఘంలో గది ఉందని చెప్పింది.

"నా అంగడి యాడికి పోతాది?" అంది ఉమ్మే హబీబా. "పోతాను. అవసరమైతే వస్తాను. దోవ తెలిసింది గదా."

పాప ఎక్కడుందని అడగలేదు. పొద్దుటి నుంచీ ఒక్కసారీ అడగలేదు.

చిత్తూరు బస్సు దాకా లోకేశ్వరి ఆమెతో నడిచింది. జ్ఞానాంబ, సంపూర్ణ వెనకగా వస్తున్నారు. జ్ఞానాంబ తల మీద కొంగు లేదు. దారిలో గుండ్లు కొట్టించుకుని గంధం పూసుకున్న ఒక కుటుంబం ఎదురైంది. వాళ్ళలో ఒక పాప ఆమె తల వైపు వింతగా చూసింది. జ్ఞానాంబ ఆ పాపను తిరిగి చూసింది.

బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఉమ్మే హబీబా ఆగింది.

"ఆ రికార్డు నేను చానాసార్లు పెట్టుకున్న్యాను," అంది. "పాప గొంతు కోసరం. ఆ సప్పుడు నీదే గదా?"

"నాదే," అంది లోకేశ్వరి.

"పాప మాట్లాడతా మాట్లాడతా నిలిపేసింది. అప్పుడు నువ్వు కొట్టినావు. ఏంటికి కొట్టినావు?"

"ఒకడు పాప మీద సెయ్యి ఏసినాడు. రెండోసారి వచ్చినాడు."

ఉమ్మే హబీబా ఆమె చేతుల వైపు చూసింది. కండక్టర్ విజిల్ వేశాడు. ఆమె మెట్టెక్కి లోపలికి పోయి, కిటికీ పక్కన కూర్చుని, అద్దం పక్కకు తోసింది.

"ఇంగా గట్టిగా కొట్టింటే బాగుండు," అంది.

బస్సు కదిలింది. లోకేశ్వరి చేతులు రెండూ పక్కకు వేలాడుతూనే ఉన్నాయి.